రెండు చప్పుళ్ళ తుపాకి

చెకుముకి తుపాకికి రెండు చప్పుళ్ళుంటాయి. ముందు రంజకం, అంటే పక్క గిన్నెలో పోసే చిటికెడు మందు, అంటుకున్న 'చిస్స్', దాని వెనకే గొట్టంలో మందు పేలిన 'ఢాం'. తుపాకిని బాగా చూసుకునేవాడి చేతిలో ఆ రెండూ దాదాపు కలిసిపోతాయి. తేమ తగిలిన రోజున మాత్రం మధ్యలో ఊపిరి బిగబట్టేంత జాగా వస్తుంది. ఆ జాగాలో కదలకుండా నిలబడడం నాకు నేర్పింది పెన్సిల్వేనియాలో మా పక్కింటి పెద్దాయన. రంజకం అన్న మాట నేర్పింది మాత్రం మా తాత.

మాది మదనపల్లె దగ్గర పల్లె. ఊరెనక గుట్ట, గుట్ట కింద మా శెనక్కాయ చేను. కాయ ఊరే రోజులొస్తే అడవిపందులు మందలుగా దిగేవి. తెల్లారి పోయి చూస్తే నాలుగు సాళ్ళు కాదు, మడికి మడే దున్నేసి ఉండేది. పంట కాపు కోసమని తాతకు తుపాకి లైసెన్సు ఉండేది. ఒంటి గొట్టం, మూతి నుంచి మందు కూరాలి. కాగితాల్లో ఎస్‌బీఎంఎల్ అని రాసేవాళ్ళు, ఊళ్ళో నాటు తుపాకి అనేవాళ్ళు, తాత 'మన గొట్టం' అనేవాడు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా దాన్ని స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకోవాలి. అన్ని రోజులూ తాతకు కంటి మీద కునుకుండేది కాదు. పందులకు ఎలక్షన్ల సంగతి ఏం తెలుసు అని గొణుక్కుంటూ, రాత్రంతా మంచె మీద కూర్చుని నూనె డబ్బా వాయించేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి నన్ను మంచె మీదికి తీసుకుపోయాడు. లాంతరు దూరంగా కొమ్మకు తగిలించి, గొట్టాన్ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాడు. బొటనవేలంత వెదురు గొట్టం ఆయన కొలత. దాన్నిండా నల్లమందు తీసుకుని మూతిలో పోశాడు. కొబ్బరి పీచు ఉండ చుట్టి లోపలికి తోసి, కడ్డీతో దట్టించాడు. కడ్డీ టంగుమని ఎగిరి మళ్ళీ చేతిలోకి వచ్చేదాకా దట్టిస్తూనే ఉన్నాడు. సుత్తిలా ఉండే భాగాన్ని గుర్రం అనేవాడు. గుర్రాన్ని వెనక్కి లాగి, దాని కింద, దెబ్బ తగిలితే నిప్పు పుట్టించే చిన్న రాగి టోపీ తొడిగి, "రంజకం పెట్టినా, ఇంక కదలొద్దు" అన్నాడు. నిజానికి టోపీ తుపాకికి రంజకం ఉండదు. వాళ్ళ తాతల కాలం నాటి మాట, తుపాకి మారినా ఆయన నోట్లో అలాగే ఉండిపోయింది.

గుండు వేయకపోవడం నేను గమనించాను. ఎందుకెయ్యలేదు తాతా అంటే, "బెదరగొట్టేదానికి చప్పుడు చాలు అబ్బోడా. చంపి కేసుల పాలయ్యేదెందుకు" అన్నాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మా వైపు వేట మాట పైకి అనేవాళ్ళు తగ్గిపోయారు. ఆ రాత్రి పేలిన పేలుడుకి గుట్టంతా మోగింది. తెల్లటి పొగ మంచె చుట్టూ అలాగే నిలబడిపోయింది, గాలి లేదు. దీపావళి మర్నాటి వీధి వాసనకు కుళ్ళిన గుడ్డు వాసన కొంచెం కలిపితే ఎట్లుంటుందో అట్లుంది. అందరూ చెడ్డ వాసనంటారు. నాకు అది తాత కంబళి వాసన.

1988లో తాత పోయినాక నాయన తుపాకిని స్టేషన్లో అప్పగించేశాడు. ఆ రసీదు ఇప్పటికీ మా ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంది.

1997లో ఉద్యోగం మీద పెన్సిల్వేనియా వచ్చి, బెత్లహెం ఊరికి కొంచెం దూరంలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. పక్కింటి పెద్దాయన స్టీలు ప్లాంటులో కొలుముల దగ్గర జీవితమంతా పనిచేసి, 1995లో బెత్లహెంలో ఉక్కు పొయ్యడం ఆగిపోయాక ఇంటి పట్టున ఉంటున్నాడు. మాటలు తక్కువ మనిషి. ఆ ఏడు డిసెంబరు 26న, ఇంకా చీకటుండగానే నేను చెత్త డబ్బా బయట పెట్టడానికి వచ్చాను. ఆయన ఉన్ని కోటు వేసుకుని, ట్రక్కులోకి ఒక పొడుగాటి తుపాకి ఎక్కిస్తున్నాడు. మంచు మీద లైటు పడి దాని పక్కనున్న గుర్రం మెరిసింది. నా నోట్లోంచి తెలుగులోనే వచ్చేసింది, "మన గొట్టం" అని.

సాయంత్రం తిరిగొచ్చాక పిలిచి నా చేతికిచ్చాడు. నిలబెడితే నా గడ్డం దాకా వచ్చింది. పులిచారల్లాంటి చారలున్న మేపుల్ కర్ర, ఆ కర్రలోనే గుడ్డముక్కలు దాచుకునేందుకు ఇత్తడి మూతతో చిన్న అర. విడిభాగాలు తెప్పించుకుని రెండు చలికాలాలు కూర్చుని తానే చేసుకున్నాడట. 18వ శతాబ్దంలో లాంకెస్టర్ చుట్టుపక్కల స్థిరపడిన జర్మన్ పనివాళ్ళు తమ దేశపు పొట్టి, లావు తుపాకిని ఇక్కడి అడవులకు తగ్గట్టు పొడుగ్గా, సన్నగా సాగదీస్తే పుట్టిన తుపాకి ఇది. లోకమంతా దాన్ని కెంటకీ రైఫిల్ అంటుంది. ఆ మాట వింటే పెద్దాయనకు కోపం. "చేసింది మేము, పేరు వాళ్ళకా" అనేవాడు. ఆయన పూర్వీకులూ ఆ జర్మన్ వలసల్లో వచ్చినవాళ్ళే.

మన వాళ్ళకు ఇక్కడి పద్ధతి కొంచెం చెప్పాలి. ఈ దేశంలో జింకల వేటకు ప్రతి రాష్ట్రమూ రోజులు కడుతుంది, ఏ ఆయుధానికి ఏ రోజులో కూడా అదే చెప్తుంది. పెన్సిల్వేనియా 1974లో చెకుముకి తుపాకికని ప్రత్యేకంగా ఒక సీజను మొదలుపెట్టింది, అదీ మొదట్లో కొన్ని సర్కారు వేట భూముల్లోనే. తరవాత రాష్ట్రమంతా పాకింది. క్రిస్మస్ మర్నాడు మొదలై జనవరి సగం దాకా నడుస్తుంది. టోపీ కుదరదు, దుర్భిణి కుదరదు. రాయి ఉక్కుకు తగిలి రాలిన నిప్పురవ్వతోనే పేలాలి. పెద్దాయన ఆ మొదటి ఏడే వెళ్ళాడు, జింక దొరకలేదు. ఆ సంగతి ఆయన ఓటమిలా చెప్పేవాడు కాదు.

నేను వేటగాళ్ళ శిక్షణ తరగతికి పోయి పరీక్ష రాసి లైసెన్సు తీసుకున్నాను. అప్పటినుంచి ప్రతి శనివారం ఆయన వెనక పెరట్లో నాకు పాఠం. అర అంగుళం గొట్టంలో 70 గ్రెయిన్ల మందు. దాని మీద పరుపుగుడ్డ ముక్క, తేనెమైనం, కొవ్వు కలిపి రాసింది. గుడ్డ మీద 0.490 అంగుళాల సీసపు గుండు. గుండు గొట్టం కన్నా వెంట్రుకవాసి చిన్నది, మిగిలిన సందు గుడ్డ పూడుస్తుంది. పొట్టి కడ్డీతో మూతి దాటించి, పొడుగు కడ్డీతో అడుగుకంటా తొయ్యాలి. ఆ తరవాత పక్కనున్న చిన్న గిన్నెలో మెత్తటి మందు చిటికెడు, గొట్టంలోకి పోయే బెజ్జం కిందికి ఉండేట్టు. బెజ్జం మూసుకుపోయేలా పోస్తే అది మంటగా లోపలికి దూకదు, వత్తిలా మెల్లగా కాలుతుంది. "దీన్ని మీ భాషలో ఏమంటారు" అని అడిగాడు ఆ చిటికెడు మందును చూపించి. రంజకం అన్నాను. "రంజ్‌కామ్" అన్నాడు. చనిపోయేదాకా దాన్ని అదే పేరుతో పిలిచాడు. మందుకొమ్ము మూతకు అంటించుకున్న చిన్న టేపు ముక్క మీద కూడా ఆ మాటే ఇంగ్లీషులో రాసుకున్నాడు.

ఒక వేసవిలో నన్ను డెలావేర్‌లో బ్రాండీవైన్ ఏటి పక్కన ద్యుపాంట్‌ల పాత తుపాకిమందు మిల్లులు చూపించడానికి తీసుకుపోయాడు. ఇప్పుడది హాగ్లీ మ్యూజియం. అక్కడ నాకు తెలిసిన సంగతి ఒకటుంది. నల్లమందులో నూటికి 75 పాళ్ళు సూరేకారమే, మిగతాది బొగ్గు, గంధకం. ఆ రోజుల్లో ఆ సూరేకారం ఎక్కువగా బీహారు మట్టిలోంచి తీసి కలకత్తా రేవులో ఓడలెక్కించిందే. అమెరికా అంతర్యుద్ధం మొదలైన 1861లో లమాట్ ద్యుపాంట్ లండన్ వెళ్ళి దొరికిన భారతీయ సూరేకారమంతా కొనబోతే, బ్రిటన్ ఎగుమతి ఆపేసింది. దౌత్య గొడవ సద్దుమణిగాకే సరుకు కదిలింది. కారులో తిరిగొస్తూ పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. బెత్లహెం దగ్గరికి వచ్చాక, "అయితే మా యుద్ధంలో పేలింది మీ మట్టి" అన్నాడు.

ఆయన అల్లుడిదీ మూతి నుంచి కూరే తుపాకే. పోలిక అంతటితో సరి. 1985లో మిస్సోరీలో టోనీ నైట్ అనే తుపాకుల పనివాడు ఎంకే-85 అని ఒకటి తెచ్చాడు, అక్కడినుంచి ఈ కొత్త జాతి ఊపందుకుంది. నిప్పు పక్కనుంచి కాకుండా గొట్టానికి నేరుగా వెనకనుంచి తగులుతుంది. నిప్పు రాజేసేందుకు షాట్‌గన్ తూటాల్లో వాడే ప్రైమరు, కొలిచే పని లేకుండా బిళ్ళల్లా వచ్చే మందు, ప్లాస్టిక్ తొడుగులో కోసుగా ఉండే గుండు, పైన దుర్భిణి. వాన పడినా పేలుతుంది. పెద్దాయన తనకు తాను 50 గజాలు హద్దు పెట్టుకున్నాడు. అల్లుడికి 150 గజాలు లెక్కలోది కాదు. అక్టోబరులో ఆడజింకలకు వేరే సీజను పెట్టి ఈ తుపాకులను రాష్ట్రమే రానిచ్చింది కాబట్టి అతను చేసేది తప్పేమీ కాదు.

ప్రతి థాంక్స్‌గివింగ్‌కీ ఆ భోజనాల బల్ల దగ్గర అదే తగువు. నేను పదేళ్ళు విన్నాను.

"రాష్ట్రం మాకు ఆ మూడు వారాలు ఎందుకిచ్చింది? మా చేతిలో ఉన్నది కష్టమైన తుపాకి కాబట్టి. సులువైనదానితో వేటాడాలనుంటే అందరితో పాటు నవంబరులో రా," అనేవాడు పెద్దాయన.

"దెబ్బ తిన్న జింకకు అది ఏ శతాబ్దపు తుపాకో తెలియదు. వెంటనే ప్రాణం పోయిందా, రాత్రంతా గిలగిల్లాడి పోయిందా, దానికి అదొక్కటే లెక్క," అనేవాడు అల్లుడు.

నేను మొదట్లో పూర్తిగా పెద్దాయన వైపే. మనసు ఇప్పటికీ అటే లాగుతుంది. కొలరాడోలో మందు బిళ్ళలు, ప్లాస్టిక్ తొడుగులు, దుర్భిణి ఈ సీజనులో ఒప్పుకోరు, అది న్యాయమనే నేను గట్టిగా అంటాను. కానీ 2001 జనవరిలో జరిగింది అల్లుడి మాటను నా లోపల నిలబెట్టేసింది. నలభై గజాల్లో లేడి, పెద్దాయన కాల్చాడు. రెండు చప్పుళ్ళ మధ్య అది ఒక అడుగు ముందుకేసింది. గుండు వెనక పక్కన తగిలింది. మంచు మీద రక్తం నాణేలంత చుక్కలుగా మొదలై, అర మైలు పోయేసరికి ఆవగింజంత అయింది. చీకటి పడ్డాక టార్చి లైట్లతో వాగు దాకా వెతికాం. అవతల గట్టున ఏమీ లేదు. మర్నాడు పొద్దున కాకులను చూసి వెళ్తే దొరికింది, రాత్రే నక్కజాతివి తినేశాయి. పెద్దాయన దాని పక్కన మంచులో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. ఆ ఏడు ఇంక తుపాకి ముట్టలేదు. అల్లుడికి తానే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాడు. అటునుంచి అల్లుడు ఒక్క ఎత్తిపొడుపు మాట అనలేదు. ఆ రోజునుంచి అతనంటే నాకు గౌరవం.

నా సొంత తుపాకితో నాకు జరిగింది వేరు. తుప్పర పడుతున్న పొద్దున, ముప్ఫై అడుగుల్లో ఆడజింక. తాళం మీద, అంటే రాయి, గిన్నె ఉండే చోట, కప్పిన తోలుముక్క తీశాను. దాన్ని వాళ్ళు ఆవు మోకాలు అంటారు. గురి చూసి మీట లాగాను. రాయి కొట్టింది, గిన్నెలో రంజకం భగ్గుమంది, అంతే. బెజ్జంలో తడి మసి. ఆ జింక తల ఎత్తి నా కళ్ళలోకి చూసింది. దాని ముక్కు మీద నీటిచుక్క వణకడం కూడా కనిపించింది. తరవాత తొందరేమీ లేకుండా చెట్లలోకి నడిచిపోయింది. ఆ ఏడు మాంసం లేదు. ఆ చూపు కోసం నేను మళ్ళీ మళ్ళీ పోయాను, ఈ మాట ఎవరు నమ్మినా నమ్మకపోయినా నిజం.

తాత గురించి పెద్దాయనకు చెప్పినప్పుడు, తుపాకి ఎలాంటిదని ఆరా తీశాడు. టోపీదన్నాను. స్కాట్లాండులో ఫోర్సిత్ అనే పాస్టరు, రంజకం మెరుపుకి పక్షులు బెదిరిపోతున్నాయని 1807లో పేటెంటు తీసుకున్న కొత్త మందు నుంచే ఆ టోపీ పుట్టింది. "అయితే మీ తాత మా అల్లుడి పక్షం" అన్నాడు పెద్దాయన. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయన సీజనులో మా తాత తుపాకి చెల్లదు! ఇంకా ఆలోచిస్తే, తాత చేతికి ఎవరైనా తూటాల తుపాకి ఇచ్చుంటే కళ్ళకద్దుకుని తీసుకునేవాడు. ఆ వెదురు కొలత, ఆ కొబ్బరి పీచు ఆయన కోరి తెచ్చుకున్నవి కావు. చేను కాపాడుకోవడానికి ఆయనకు దక్కింది అదొక్కటే. పెద్దాయన గరాజులో దుర్భిణి ఉన్న రైఫిళ్ళు రెండున్నాయి. వాటిని గోడకు వదిలేసి చెకుముకి అందుకునే మనిషి ఆయన. ఇద్దరివీ ఒకే పొగ, ఒకే వాసన. కానీ ఒకరు కష్టాన్ని ఎంచుకున్నారు, ఇంకొకరికి ఎంచుకునే జాగానే లేదు. ఈ సంగతి తట్టాక, పాతదే పవిత్రం అని నేను ఎవరి ముందూ అనలేకపోయాను.

గీత ఎక్కడ గీయాలన్నది కూడా అంతే. 2020లో మందును ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి వెనకనుంచే తోసే ఫైర్‌స్టిక్ అని ఒకటొచ్చింది, గుండు మాత్రం మూతినుంచి కూరాలి. దాన్ని చూసి "ఇది మోసం, ఇది మూతి తుపాకి కాదు" అని నాతో వాదించింది ఎవరనుకున్నారు? అల్లుడే. అప్పటికి పెద్దాయన లేడు. ఉండుంటే చాలా సంతోషించేవాడు.

2004లో మా అమ్మాయి పుట్టినప్పుడు అమ్మ వచ్చింది. డిసెంబరు చివర్లో ఒక సాయంత్రం నేను గరాజులో గొట్టం కడుగుతున్నాను. వేడినీళ్ళు పోసి, గుడ్డముక్కతో లాగుతుంటే నల్లటి నీళ్ళు వస్తున్నాయి. వెనక తలుపు తీసుకుని అమ్మ వచ్చి నిలబడింది. కొత్త కోడలిగా వచ్చిన ఏడు తాత తుపాకికి నీళ్ళు కాచే పని తనదేనట, ఆ సంగతి అంతవరకూ నాకు తెలియదు. "నీళ్ళు చాల్లేదు, ఇంకా తెల్లగా రావల్ల" అంది. నేను రాస్తున్న నూనె చూసి, "మామయ్య ఆముదం పూసేవాడు. వానాకాలమంతా ఉన్నా చిలుం పట్టేది కాదు" అంది. మర్నాడు ఆముదం సీసా తీసుకుని పెద్దాయన దగ్గరికి తానే పోయింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆయన వేలిమీద వేసుకుని, జిడ్డు చూసి, వాసన చూసి, తలూపాడు. తరవాత గుడ్డకు రాసే తేనెమైనంలో కూడా అదే కలిపాడు.

2011 నాటికి ఆయన చూపు మందగించింది. ముందు గురిపుల్ల, వెనక గాటు, జింక, మూడూ ఒకేసారి కనిపించేవి కావు. అల్లుడు బతిమాలి ఒక అక్టోబరులో తన తుపాకి చేతికిచ్చి తీసుకుపోయాడు. 120 గజాల్లో ఒకే దెబ్బ, జింక నిలబడ్డచోటే కూలింది. నాకూ మాంసం పంపాడు. ఎలా ఉంది అని అడిగితే, "మాంసం బాగుంది" అన్నాడు. మళ్ళీ ఆ తుపాకి ముట్టలేదు. ఆ డిసెంబరులో చెకుముకి భుజాన వేసుకుని మామూలుగా బయలుదేరాడు, హద్దు మాత్రం 50 గజాలనుంచి ముప్ఫై అడుగులకు తగ్గించుకున్నాడు. అంత దగ్గరికి జింక రావడం అరుదని ఆయనకు తెలుసు.

2014 జనవరిలో సీజను మధ్యలో ఆసుపత్రిలో చేరాడు. ఆ శరత్కాలంలో పోయాడు. నెల తిరక్కుండానే అల్లుడు ఫోన్ చేశాడు. తుపాకి దించి చూస్తే కడ్డీ గొట్టం అడుగుదాకా దిగట్లేదు, ఏం చెయ్యాలో తెలియట్లేదు అన్నాడు. వెళ్ళి కడ్డీ మీద పెద్దాయన గీసుకున్న గుర్తు చూశాను. ఖాళీ గొట్టానికి ఒక గీత, దట్టించిన గొట్టానికి ఒక గీత. కడ్డీ రెండోదాని దగ్గర ఆగింది. ఆ జనవరి కూరిన మందు, గుండు అలాగే ఉన్నాయి.

గుండులోకి మర దించి దాన్ని వెనక్కి లాగేయొచ్చని నేనన్నాను. అల్లుడు కాసేపు తుపాకి వైపు చూసి, కాల్చేద్దాం అన్నాడు. పొలం చివర మట్టిదిబ్బకు ఎదురుగా నిలబడ్డాం. టేపు ముక్క అంటించిన కొమ్ము తీసి, గిన్నెలో చిటికెడు పోసి ఇచ్చాను. చెకుముకి పట్టుకోవడం అతనికి అదే మొదలు. మీట లాగాక కదలొద్దని చెప్పాను.

చిస్స్ అంది. ఆ జాగా నేను విన్న అన్నింటికన్నా పొడుగ్గా అనిపించింది. అతను కదల్లేదు. తరవాత ఢాం అంది. దిబ్బలోంచి మట్టి లేచింది. పొగ ఇద్దరి మధ్యా నిలబడిపోయింది, గాలి లేదు.

ఇంట్లోకి వెళ్ళి అతను నీళ్ళు కాచాడు. నేను పెద్దాయన అరలోంచి ఆముదం సీసా తీశాను.